మా అత్తగారి అమ్మ పుట్టింది మెక్సికోలో, చర్చి పుస్తకాల్లో ఎలా వెతకాలి?

తెనాలి_టు_శాన్‌హోసే

అందరికీ నమస్తే. తెలుగు వాళ్ళ మధ్య ఈ ప్రశ్న వింతగా ఉంటుందని తెలుసు, అయినా అడుగుతున్నా. ఇంగ్లీషులో రెండు చోట్ల అడిగితే వచ్చిన జవాబులు సగం స్పానిష్‌లో ఉన్నాయి, మిగతా సగం నాకు ఎక్కలేదు.

మాది తెనాలి. పదేళ్ళుగా శాన్ హోసేలో ఉంటున్నాం, మా ఆయన మెక్సికన్ అమెరికన్. అత్తగారు ఫ్రెస్నోలో ఉంటారు, ఈ డిసెంబర్‌కి డెబ్భై అయిదు నిండుతాయి. ఆవిడకి చీరలు, నగలు ఏమీ అక్కర్లేదు, "మా అమ్మ ఎక్కడ పుట్టిందో ఆ కాగితం ఒక్కటి చూడాలని ఉంది" అంది ఒకసారి వంటింట్లో. అప్పటి నుంచి నాకు పట్టుకుంది. మా ఆయనకి ఇలాంటివాటి మీద ఆసక్తి లేదు, ఆయన అన్నదమ్ములకి అసలే లేదు, కాబట్టి ఈ పని కోడలి నెత్తిన పడింది, ఎప్పటిలాగే.

తెలిసినవి ఇవి. అమ్మమ్మగారు (మా ఆయనకి అమ్మమ్మ) 1927లో హలిస్కో రాష్ట్రంలో, హలోస్తోతిత్లాన్ దగ్గర ఏదో రాంచోలో (ఊరి బయట పొలాల మధ్య ఉండే చిన్న పల్లె) పుట్టారట. ఇంట్లో అందరూ ఆ ఊరిని "హలోస్" అంటారు. పేరు మరియా గ్వాదలూపే, అంటే మన దగ్గర లక్ష్మి అన్నట్టు, వీధికి పదిమంది. ఇంటిపేరు ఇక్కడ పెట్టడం లేదు, అది కూడా అక్కడ సగం ఊరికి ఉన్నదే. ఫ్యామిలీసెర్చ్ అనే వంశవృక్షాల వెబ్‌సైట్‌లో వెతికితే 1924 నుంచి 1932 మధ్య ఆ చుట్టుపక్కల అదే పేరుతో పదకొండు మంది పిల్లలు వచ్చారు. విచిత్రం ఏంటంటే ఆ పదకొండు మందిలో 1927లో ఒక్కరూ లేరు, ఆ ఊరి చర్చిలో ఆ ఏడాది పిల్లలే పుట్టనట్టు!

వాళ్ళ అమ్మానాన్నల పెళ్ళి రికార్డు మాత్రం దొరికింది, 1909ది. అందులో "కొన్సాంగినిదాద్", "తెర్సేర్ గ్రాదో" అని ఏదో ఉంది, గూగుల్‌లో కొడితే రక్తసంబంధం, మూడో డిగ్రీ అని వచ్చింది. ఏదైనా తప్పు చేశారా వీళ్ళు? అత్తగారికి చెప్పాలా వద్దా అని ఆగాను.

ఇంకో తికమక. అమెరికా కాగితాల్లో అమ్మమ్మగారి ఇంటిపేరు ఒకటి, పెళ్ళి రికార్డులో వాళ్ళ నాన్న ఇంటిపేరు ఇంకొకటి. బార్డర్‌లో ఆఫీసర్లు పేరు మార్చేశారని ఇంట్లో కథ. మేము అచ్చమైన స్పానిష్ వాళ్ళం అని మా ఆయన పెదనాన్న ఒకాయన ఇంకో కథ.

అత్తగారిని అడిగితే తేదీలు, ఊళ్ళు చెప్పదు. వాళ్ళ అమ్మకి చెవులు కుట్టించిన "నీనా కూకా" అనే ఆవిడ గురించి మాత్రం గంటలు గంటలు చెబుతుంది. ఆవిడ ఎవరో, ఏమయ్యారో ఎవరికీ తెలియదు.

ఎక్కడ మొదలుపెట్టాలి?

పాతకాగితాల_పిచ్చి

అమ్మాయ్, సరైన చోటే అడిగావు. నేను ఎల్ పాసోలో ఇరవై ఏళ్ళు ఉద్యోగం చేశాను, రిటైరయ్యాక పక్కింట్లో ఉండే మెక్సికోలోని సకతేకాస్ రాష్ట్రం వాళ్ళ వంశవృక్షం మీద పడ్డాను, ఇప్పుడు మా ఆవిడ నన్ను ఆ రికార్డులకే దత్తత ఇచ్చేస్తానంటోంది.

ముందు నీ 1927 సంగతి. పిల్లలు పుట్టకపోవడం కాదు, చర్చి మూతపడింది. కాయెస్ మెక్సికోకి ప్రెసిడెంటుగా ఉన్నప్పుడు చర్చి మీద కఠినమైన చట్టాలు తెచ్చాడు, దానికి నిరసనగా బిషప్పులు 1926 జులై 31తో దేశం మొత్తం మీద పూజలు ఆపేశారు. భక్తులు సర్కారు మీద తిరగబడ్డారు, అదే క్రిస్తెరో యుద్ధం, 1929 జూన్‌లో రాజీ కుదిరేదాకా నడిచింది. నువ్వు చెప్పిన హలోస్ ఉన్న ప్రాంతాన్ని లోస్ ఆల్తోస్ అంటారు, ఆ పోరాటానికి గుండెకాయ అదే. ఫాదర్లు దాక్కుని తిరిగారు, దొరికితే కాల్చేసిన సందర్భాలు ఉన్నాయి. జ్ఞానస్నానాలు ఇళ్ళలో, కొట్టాల్లో, రాత్రిపూట జరిగేవి, చీటీల మీద రాసుకున్నవి కొన్ని తర్వాత పుస్తకాలకి ఎక్కాయి, కొన్ని ఎక్కలేదు. దీనికి తోడు 1927లోనే సైన్యం లోస్ ఆల్తోస్ రాంచోలను ఖాళీ చేయించి జనాన్ని పట్టణాలకు తోలింది, రాంచోల్లో ఉంటే తిరుగుబాటుదారులకి అన్నం పెడుతున్నారని. కాబట్టి ఆవిడ పుట్టిన రాంచో హలోస్ కిందిదే అయినా ఆ నెలల్లో కుటుంబం ఎక్కడుందో ఎవరికి తెలుసు?

అందుకని రెండు పనులు చెయ్యి. 1927ని వదిలేసి 1929 జులై నుంచి 1930 చివరిదాకా ఉన్న జ్ఞానస్నానాల పుస్తకాలు చూడు, రెండేళ్ళ పిల్లలు, మూడేళ్ళ పిల్లలు వరసగా కనబడతారు. అలాగే హలోస్ ఒక్కటే చూడకు, చుట్టూ ఉన్న శాన్ మిగెల్ ఎల్ ఆల్తో, శాన్ హువాన్ దె లోస్ లాగోస్, తెపతిత్లాన్, కుదరకపోతే లియోన్ దాకా వెళ్ళు.

ఇంకోటి, చర్చి రికార్డు వేరు, సర్కారు రికార్డు వేరు. ప్రెసిడెంటు హువారెస్ 1859లో సివిల్ రిజిస్ట్రేషన్ చట్టం తెచ్చాడు, కానీ యుద్ధాలూ, ఫ్రెంచివాళ్ళు తెచ్చి కూర్చోబెట్టిన చక్రవర్తి మాక్సిమిలియన్ గోలా అయి 1867 తర్వాతే చాలాచోట్ల నిజంగా అమల్లోకి వచ్చింది. అంతకు ముందు కాలానికి చర్చి పుస్తకమే దిక్కు, ఆ తర్వాత రెండూ ఉంటాయి, రెండూ చూడాలి. లోస్ ఆల్తోస్‌లో భక్తి ఎక్కువ, సర్కారు మీద నమ్మకం తక్కువ, పిల్ల పుడితే ముందు ఫాదర్ దగ్గరికి పరిగెత్తేవాళ్ళు, సివిల్ ఆఫీసుకి తీరిగ్గా ఎప్పుడో. అందుకని సివిల్ పుస్తకాల్లో కూడా పుట్టిన ఏడాది తర్వాత నాలుగైదేళ్ళ దాకా వెతుకు.

1930 జనాభా లెక్కలు కూడా ఫ్యామిలీసెర్చ్‌లో ఉచితంగా ఉన్నాయి, మెక్సికో సిటీ ఉన్న ఫెడరల్ డిస్ట్రిక్ట్ తప్ప దాదాపు మిగతావన్నీ. ఇంట్లో ఎవరెవరు, వయసెంత, ఏ రాంచో, అన్నీ వరసగా ఉంటాయి. నేనైతే ముందు అక్కడ కుటుంబాన్ని పట్టుకుని, ఆ రాంచో పేరుతో చర్చికి వెళ్తాను. రాంచో పేరు తెలియకుండా వెతకడం అంటే గుంటూరు జిల్లాలో సుబ్బారావు గారిల్లు ఎక్కడ అని అడిగినట్టే.

ముఖ్యంగా సెర్చ్ బాక్సులో కొట్టి రాలేదని వదిలెయ్యకు. ఇండెక్స్ చేసినవాళ్ళు (పేజీలు చూసి పేర్ల జాబితా కట్టినవాళ్ళు) తప్పులు చదివారు, చాలా పుస్తకాలకి ఇండెక్సే లేదు. కేటలాగ్‌లో ఊరి పేరు పెట్టి పుస్తకం తెరిచి ఒక్కో పేజీ తిప్పాలి. కొన్నిటి పక్కన కెమెరా బొమ్మ మీద తాళంచెవి ఉంటుంది, అవి ఇంట్లో తెరుచుకోవు, వాళ్ళ సెంటర్‌కి వెళ్ళి చూడాలి, శాన్ హోసే చుట్టుపక్కల ఉంటాయి. మోర్మన్ చర్చి వాళ్ళు నడుపుతారు, వెళ్తే మతం మార్చేస్తారేమో అని మావాళ్ళొకరు భయపడ్డారు, అలాంటిదేం లేదు, మంచినీళ్ళిచ్చి కుర్చీ చూపిస్తారు.

ఇంటిపేరు కథ. మెక్సికోలో ప్రతి మనిషికీ రెండు ఇంటిపేర్లు, మొదటిది నాన్నది, రెండోది అమ్మది. ఆడవాళ్ళు పెళ్ళయ్యాక కూడా పుట్టింటివే ఉంచుకుంటారు, అదే మనకి వరం, అమ్మమ్మల వైపు కూడా దారి తెగదు. అమెరికా గుమస్తాకి ఈ గొడవ తెలియదు, చివర ఏది ఉంటే అదే లాస్ట్ నేమ్ అని రాసుకున్నాడు, నాన్న ఇంటిపేరు మధ్యలో పడి ఎగిరిపోయింది. ఎవరూ కుట్ర చెయ్యలేదు. నా పాస్‌పోర్టులో మా నాన్న పేరు నా ఇంటిపేరైపోయి కూర్చుంది, ఇరవై ఏళ్ళుగా బ్యాంకు వాళ్ళు నన్ను మా నాన్న పేరుతో పిలుస్తున్నారు, కాబట్టి ఆవిడ బాధ నాకు బాగా అర్థమైంది.

సూటిగా_చెప్తా

ఇంత శ్రమ ఎందుకండీ, వంద డాలర్లు పెట్టి డీఎన్ఏ టెస్ట్ చేయిస్తే ఎక్కడివాళ్ళో, చుట్టాలెవరో అన్నీ వచ్చేస్తాయి కదా. మా మేనేజర్ చేయించుకున్నాడు, రెండు వారాల్లో తేలిపోయింది.

ఫిరంగిపురం_జోజి

సూటిగా గారూ, ఆవిడ అడిగింది వాళ్ళమ్మ పుట్టిన కాగితం, డీఎన్ఏ కాగితం కాదు. పైగా ఇలాంటి ఊళ్ళలో తరతరాలుగా చుట్టాలే చుట్టాలని చేసుకుంటే డీఎన్ఏ కూడా లెక్క తప్పుతుంది, ఎక్కడో నాలుగో తరం చుట్టం దగ్గరి చుట్టంలా కనిపిస్తాడు, ఎందుకంటే అతను ఒక దారిలో కాదు, మూడు దారుల్లో చుట్టం.

ఇక తెనాలి అక్కా, నీ "మూడో డిగ్రీ" గురించి. కంగారు పడకు, తప్పేం లేదు, నీకు లాటరీ తగిలింది. మాది ఫిరంగిపురం, పుట్టుకతో కథోలికులం, మా విచారణ (అంటే ఒక చర్చి కింద ఉండే పరిధి) పుస్తకాలు నేను చిన్నప్పుడు మా తాతతో పాటు చూశాను, అదే పద్ధతి అక్కడ కూడా. చర్చిలో పెళ్ళి చెయ్యాలంటే మూడు ఆదివారాలు పూజలో ప్రకటన చదవాలి, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమని. వధూవరులు దగ్గరి చుట్టాలైతే అది అడ్డంకి, పైనుంచి అనుమతి తెచ్చుకోవాలి. ఆ అనుమతినే దిస్పెన్సా అంటారు. 1917 దాకా నాలుగో డిగ్రీ వరకూ ఈ అడ్డంకి ఉండేది.

డిగ్రీ లెక్క ఎలాగంటే, ఇద్దరికీ ఉమ్మడి పెద్ద ఎవరో చూసి అక్కడి నుంచి మెట్లు దిగాలి. అన్నాచెల్లెళ్ళు ఒకటో మెట్టు, అన్నదమ్ముల పిల్లలు రెండో మెట్టు, వాళ్ళ పిల్లలు మూడో మెట్టు. అంటే మూడో డిగ్రీ అంటే పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు ఇద్దరికీ ముత్తాత ఒకడే. మన మేనరికం వాళ్ళ లెక్కలో రెండో డిగ్రీ, మేనమామని చేసుకుంటే ఒకటీ రెండూ కలిసి ఇంకా దగ్గర. మనం మేనరికాన్ని ఎవర్నీ అడక్కుండా చేసేసుకున్నాం కాబట్టి మన దగ్గర కాగితం మిగల్లేదు. వాళ్ళు అడగాల్సి వచ్చింది కాబట్టి వాళ్ళ ముత్తాత పేరు కాగితం మీద ఉంది!

ఎందుకంటే ఊరికే అడిగితే ఇవ్వరు. ఆ ఊరి ఫాదరు చుట్టరికం ఎలాగో బొమ్మ గీయాలి, పైన మూలపురుషుడు, కింద ఎడమవైపు ఒక వరస, కుడివైపు ఒక వరస, ఒక్కో మెట్టులో పేరు. ఊళ్ళో ముసలివాళ్ళని సాక్షులుగా పిలిచి, "వీళ్ళ తాత ఎవరు, ఆయన తండ్రి ఎవరు" అని ప్రమాణం చేయించి రాసుకునేవాళ్ళు. అంటే పుస్తకంలో లేనిది కూడా ఆ ముసలాళ్ళ నోట్లోంచి పుస్తకానికి ఎక్కింది. దాంతోపాటు ఎందుకు ఇవ్వాలో కారణాలు కూడా రాయాలి. ఊరు చిన్నది అందరూ చుట్టాలే, పిల్లకి ఇరవై నాలుగు దాటాయి, పిల్లది పేదింటి సంబంధం, తండ్రి లేని పిల్ల, ఇలాంటివి. చదువుతుంటే మన పెళ్ళిళ్ళ పేరయ్య మాటల్లానే ఉంటాయి.

ఆ పెళ్ళి రికార్డులో ఉన్నది ఒక్క లైను మాత్రమే. అసలు ఫైలు వేరే ఉంటుంది. హలోస్ అప్పట్లో గ్వాదలహారా ఆర్చ్‌డయాసిస్ (ఆర్చ్‌బిషప్ పరిధి) కింద ఉండేది (శాన్ హువాన్ దె లోస్ లాగోస్ విడిగా మేత్రాసనం, అంటే ఒక బిషప్ పరిధి, అయింది 1972లో), కాబట్టి దిస్పెన్సాల ఫైళ్ళు గ్వాదలహారా పేరు మీద వెతుకు. 1909 పెళ్ళి కాబట్టి 1908 చివర, 1909 మొదట్లో చూడు. అది దొరికితే ఒకే పేజీలో మూడు తరాలు వెనక్కి పోతావు, సుమారు 1810, 1820ల దాకా.

అచ్చమైన స్పానిష్ అన్న పెదనాన్న గారికి మాత్రం నెమ్మదిగా చెప్పాలి. స్పెయిన్ పాలనలో జ్ఞానస్నానం పుస్తకంలో ప్రతివాడి పక్కన ఎస్పాన్యోల్ (స్పెయిన్ సంతతి), మెస్తీసో (స్పానిష్, ఆదివాసీ కలగలుపు), ఇందియో (ఆదివాసీ), ములాతో (ఆఫ్రికన్ కలగలుపు), కొయోతే (ఇంకో కలగలుపు) అని జాతి రాసేవాళ్ళు. దాన్ని రాసింది ఫాదరు, చూసి, విని, కొన్నిసార్లు వాళ్ళు చెప్పుకున్నది నమ్మి. ఒకే మనిషి పుట్టినప్పుడు మెస్తీసో, పెళ్ళప్పుడు ఎస్పాన్యోల్ అయిపోయినవి ఎన్నో, నాలుగు ఆవులు కొంటే రంగు తేలేదన్నమాట. స్వతంత్రం వచ్చాక 1822లో ఇలా జాతి రాయకూడదని ఆజ్ఞ వచ్చింది, తర్వాతి పుస్తకాల్లో ఆ మాటలు మెల్లగా మాయమవుతాయి. మన టీసీల్లో కులం కాలమ్ ఇంకా ఉంది చూడు.

ఇందియో అని రాసిన కుటుంబాలకి ఒక తేడా ఉంది, పోపు 1537లో వాళ్ళకి మూడో, నాలుగో డిగ్రీ పెళ్ళిళ్ళకి సడలింపు ఇచ్చాడు, అందుకని వాళ్ళకి అలాంటి దిస్పెన్సా ఫైళ్ళు ఉండవు, పైగా చాలామందికి ఇంటిపేరూ ఉండదు, హువాన్ దియేగో, మరియా మగ్దలేనా అని రెండు పేర్లే. మీవాళ్ళకి దిస్పెన్సా ఉంది కాబట్టి ఆ ఇబ్బంది లేదు.

తెనాలి_టు_శాన్‌హోసే

జోజీ, నీకు ఏం పెట్టినా రుణం తీరదు. ముత్తాత ఒకడే అన్నది అత్తగారికి చెబితే గట్టిగా నవ్వింది, "మా ఊళ్ళో అంతా అంతే, వేరే వాళ్ళు ఎక్కడ దొరుకుతారు" అంది. నేనేమో వారం రోజులు దాచాను.

పాతకాగితాల బాబాయ్ గారూ, 1930 లెక్కల్లో కుటుంబం దొరికింది! పదిమంది పిల్లలు, చివర గ్వాదలూపే, మూడేళ్ళు. కానీ 1929 పుస్తకం తెరిస్తే ఏడుపొచ్చింది. ఆ చేతిరాత చీమలు పాకినట్టుంది, 7 పక్కన ఏదో రాసి ఉంటే జులై అనుకున్నా, కాదట. సగం మాటలకి అక్షరాలు మింగేశారు.

పాతకాగితాల_పిచ్చి

ఏడవకు, అందరం అక్కడే పడ్డాం. 7 పక్కన చిన్నగా బి-ఆర్-ఇ అక్షరాలు ఉంటే అది సెప్టెంబర్, జులై కాదు. స్పానిష్‌లో ఏడుని సియేతే అంటారు, సెప్టెంబర్‌లో ఆ ఏడే ఉంది. అలాగే 8 అక్టోబర్, 9 నవంబర్, ఎక్స్ లాంటి గుర్తు డిసెంబర్. రోమన్ల కాలంలో ఏడాది మార్చిలో మొదలయ్యేది, ఆ లెక్క మిగిలిపోయింది. ఇది తెలియక నేను ఒకాయన్ని రెండు నెలల ముందే చంపేశాను.

ఎమ్మూ, పైన చిన్న ఏ ఉంటే మరియా. స్పెల్లింగుల్ని పట్టించుకోకు, బీ-వీ ఒకటే, ఎస్-జడ్ ఒకటే, హెచ్ ఉన్నా లేకపోయినా ఒకటే, హిమేనెస్ అన్న ఇంటిపేరుని ఎక్స్‌తో, జీతో, జేతో మూడు రకాలుగా ఒకే పేజీలో చూశాను.

చదవడానికి కిటుకు ఏంటంటే, అక్షరం అక్షరం చదవకు, ఆ మంత్రం బట్టీ పట్టు. ఒకే ఫాదరు ఒకే వాక్యాన్ని పేజీకి అయిదుసార్లు రాస్తాడు: ఫలానా విచారణ చర్చిలో, ఫలానా తేదీన, నేను జ్ఞానస్నానం ఇచ్చాను, పిల్ల పేరు, ఎప్పుడు పుట్టింది, ఏ రాంచో, ఎవరి సక్రమ సంతానం, నాన్న వైపు తాత నాయనమ్మలు, అమ్మ వైపు తాత అమ్మమ్మలు, జ్ఞానతల్లిదండ్రులు (జ్ఞానస్నానం వేళ బిడ్డకి బాధ్యతగా నిలబడే పెద్దలు). తేలిగ్గా ఉన్న ఒక రికార్డు తీసుకుని పూర్తిగా చదువు, మిగతావాటిలో మారేది పేర్లే. మన పెళ్ళి శుభలేఖ తెలుగు రానివాడికి ఇచ్చినా నాలుగు చూశాక వరుడు ఎక్కడుంటాడో కనిపెట్టేస్తాడు కదా, అంతే.

పేజీ ఎడమ మార్జిన్ తప్పకుండా చూడు. అక్కడ పిల్ల పేరు, రాంచో ఉంటాయి, ముందు అదే చూస్తూ పో. 1908 నుంచి ఇంకో నియమం వచ్చింది, ఎవరికైనా చర్చిలో పెళ్ళయితే ఆ కబురు పుట్టినప్పటి చర్చికి పంపాలి, వాళ్ళు జ్ఞానస్నానం రికార్డు పక్కన మార్జిన్‌లో ఫలానా తేదీన ఫలానా వాడితో పెళ్ళయింది అని రాయాలి. నీ పదకొండు మందిలో మీ అమ్మమ్మ ఎవరో తేల్చేది అదే. అందరూ రాయలేదు, రాసి ఉంటే మాత్రం తిరుగులేదు.

హ్యూస్టన్_బిర్యానీ

నేను ఈ చరిత్రలు ఏవీ చదవలేదు గానీ ఒక్క మాట చెప్పాలనిపించింది. మాకు రెస్టారెంట్ ఉంది, వంటింట్లో ఆరుగురు మెక్సికో వాళ్ళే, దోసె వెయ్యడంలో మా పెద్దమ్మని మించిపోయారు. మొదట్లో జీతాల చెక్కులు రాసేటప్పుడు నాకు పిచ్చెక్కేది, ఎందుకంటే పిలిచే పేరుకీ కాగితం మీద పేరుకీ పోలికే ఉండదు. చూయ్ అంటే హెసూస్, నాచో అంటే ఇగ్నాసియో, చాయో అంటే రొసారియో, పాంచో అంటే ఫ్రాన్సిస్కో. మన దగ్గర వెంకటేశ్వర్లుని చంటి అన్నట్టు అనుకోండి, కాకపోతే వాళ్ళకి ఇవి దేశమంతటా ఒకటే.

అక్కా, మీరు మొదట్లో "నీనా కూకా" అని రాశారు, దాని గురించి ఎవరూ మాట్లాడలేదు. కూకా అంటే రెఫూహియో. మా దగ్గర గిన్నెలు కడిగే పెద్దావిడ పేరు అదే, అందరూ దోన్యా కూకా అంటారు. నీనా అంటే మద్రీనా, అదేనండీ, జోజి గారు చెప్పే జ్ఞానతల్లి. మీ అత్తగారు ఇన్నాళ్ళూ చెబుతున్నది వాళ్ళమ్మకి జ్ఞానతల్లి పేరు.

ఫిరంగిపురం_జోజి

బిర్యానీ అన్నా, నీకు దండం. నేను ఆ లైను చదివి కూడా దాటేశాను.

అక్కా, ఇప్పుడు పదకొండు మందినీ మళ్ళీ చూడు, చివరి లైనులో మద్రీనా పేరు రెఫూహియో ఉన్నది పట్టుకో. ఇండెక్సులో జ్ఞానతల్లి పేరు చాలావరకు ఉండదు, పేజీ తెరిచి చూడాల్సిందే. ఇంకో మాట, ఆ కాలంలో ఫాదరు దొరక్క పిల్ల బతుకుతుందో లేదో అన్న భయంతో ఇంట్లో వాళ్ళే నీళ్ళు పోసేసేవాళ్ళు. చర్చి ఒప్పుకుంటుంది, ఎవరైనా పోయొచ్చు, మా దగ్గరా నర్సులు చేసిన సందర్భాలున్నాయి. తర్వాత ఫాదరు దొరికినప్పుడు మళ్ళీ నీళ్ళు పొయ్యరు, పవిత్ర తైలం మాత్రం పూసి పుస్తకంలో రాస్తారు. అందుకని "బౌతీసే", అంటే జ్ఞానస్నానం ఇచ్చాను అన్న మాట కనపడకపోతే వదిలెయ్యకు, "ఓలియోస్" అన్న మాట కోసం కూడా చూడు.

సూటిగా_చెప్తా

నేను డీఎన్ఏ మాట వెనక్కి తీసుకుంటున్నా. దొరికితే చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

తెనాలి_టు_శాన్‌హోసే

దొరికింది!!!

హలోస్‌లో కాదు. శాన్ మిగెల్ ఎల్ ఆల్తోలో, 1929 పుస్తకంలో, బాబాయ్ గారు చెప్పిన ఆ 7 గుర్తుతోనే, సెప్టెంబర్. పదకొండు మందిలో లేదు, అసలు ఇండెక్స్‌లోనే లేదు. మూడు రాత్రులు పిల్లలు పడుకున్నాక పేజీలు తిప్పాను. మార్జిన్‌లో "మా. గ్వాదలూపే" అని, కింద రాంచో పేరు, 1930 లెక్కల్లో ఉన్న రాంచోనే. వయసు దగ్గర రెండేళ్ళ ఆరు నెలలు అని ఉంది. జోజి చెప్పినట్టే బౌతీసే లేదు, ఓలియోస్ ఉంది. అవసరంలో ఇంట్లో నీళ్ళు పోశారని, పోసింది ఎవరో కూడా రాశాడు ఆ ఫాదరు, మంచి మనిషి. రెఫూహియో. చివర్లో మద్రీనా దగ్గర మళ్ళీ అదే పేరు.

పేజీ మధ్యలో ఒక మడత ఉంది, మైక్రోఫిల్మ్ తీసినప్పుడు సరిగా విప్పలేదు, తాత పేరులో సగం ఆ మడతలోకి పోయింది. మార్జిన్‌లో పెళ్ళి కబురు కూడా ఉంది, సిరా వేరు, చేతిరాత వేరు, 1946, మా ఆయన తాతగారి పేరు. అది చూశాక ఇంక అనుమానం లేదు.

డిసెంబర్ దాకా ఆగలేకపోయాను. శనివారం ఫ్రెస్నో వెళ్ళి టీవీకి లాప్‌టాప్ తగిలించి చూపించాను. అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని టీవీ దగ్గరికి వెళ్ళి ఆ లైను మీద వేలు పెట్టి చదివింది, నాకంటే బాగా చదివింది, నేను మూడు రాత్రులు కుస్తీ పట్టింది ఆవిడ రెండు నిమిషాల్లో చదివేసింది. రెఫూహియో దగ్గర ఆగి, ఇంటిపేరు చదివి, "ఇది మా అమ్మమ్మ ఇంటిపేరు కదా" అంది. అంటే నీనా కూకా బయటావిడ కాదేమో, అమ్మమ్మగారి అమ్మకి అక్కో చెల్లో అయ్యుండొచ్చు. జోజీ, దీన్ని తేల్చడం ఎలా?

దిస్పెన్సా ఫైలు ఇంకా దొరకలేదు, ఆ పుస్తకానికి తాళంచెవి బొమ్మ ఉంది, వచ్చే వారం సెంటర్‌కి వెళ్తా.

ఫిరంగిపురం_జోజి

ముందు సంతోషం అక్కా, ఇక్కడ మా అమ్మకి కూడా చదివి వినిపించాను.

తేల్చడం తేలికే. అమ్మమ్మగారి అమ్మ పెళ్ళి 1909 అన్నావు, అందులో ఆవిడ వయసు, తల్లిదండ్రుల పేర్లు ఉంటాయి. ఆ తల్లిదండ్రులకే రెఫూహియో అని ఇంకో బిడ్డ ఉందా అని 1880 నుంచి 1900 మధ్య హలోస్ జ్ఞానస్నానాలు చూడు. ఒక్కటి గుర్తుపెట్టుకో, రెఫూహియో మగవాళ్ళకీ పెడతారు, గ్వాదలూపే కూడా అంతే, ఇహా (కూతురు) అని ఉందా, ఇహో (కొడుకు) అని ఉందా అని పక్క మాటలు చూసి ఆడో మగో తేల్చుకో. ఇంటిపేరు ఒకటే అయినంత మాత్రాన అక్కాచెల్లెళ్ళని రాసెయ్యకు, ఆ ఊళ్ళో ఆ ఇంటిపేరు ఎంతమందికి ఉందో నువ్వే చెప్పావు.

పాతకాగితాల_పిచ్చి

శభాష్ అమ్మాయ్. ఆ పేజీ డౌన్‌లోడ్ చేసుకుని, ఫిల్మ్ నంబరు, బొమ్మ నంబరు కాగితం మీద రాసి పెట్టుకో. నేను ఒకసారి దొరికిన పేజీ రాసుకోకపోవడం వల్ల మళ్ళీ దొరకడానికి ఎనిమిది నెలలు పట్టింది. అత్తగారు చదువుతుంటే ఫోన్‌లో రికార్డ్ చెయ్యి, ముందు అది, సెంటర్ తర్వాత.

తెనాలి_టు_శాన్‌హోసే

చేస్తున్నా బాబాయ్ గారూ. ఇప్పుడు ఆవిడే రోజూ ఫోన్ చేస్తోంది, నిద్రలో ఒక పేరు గుర్తొచ్చిందని పొద్దున్నే ఆరింటికి. నిన్న ఒక్కరోజే "తీయో చేమా", "తీయా చోలే", "గోయో" అని మూడు. బిర్యానీ అన్నా, ఇవి ఎవరు?

హ్యూస్టన్_బిర్యానీ

తీయో అంటే బాబాయో మామయ్యో, తీయా అంటే పిన్నో అత్తో. చేమా అంటే హొసే మరియా. గోయో గ్రెగోరియో. చోలే అంటే సొలెదాద్, మా దగ్గర ఒకావిడ చేరిన మొదటి రోజు వంటింట్లోంచి "చోలే, చోలే" అని కేక వినిపిస్తే శనగల కూర అడుగంటిందేమో అని నేను పరిగెత్తాను.